ధూళికన్నుకు చెప్పిన నిజం

పొద్దున రాతి కర్మాగారానికి పోయిన మద్దిలేటి మధ్యాహ్నానికే తిరిగొచ్చి గుమ్మం బయట నిలబడ్డాడు. తలుపు తెరుచుకోలేదు. గాజు తలుపుకు ఇవతల, నెలలు నిండిన అతని భార్య సుంకేశ్వరి దాన్ని అరచేత్తో నెట్టి చూసింది. నెడితే తెరుచుకునే తలుపులు వాళ్ళమ్మ కాలంతోనే పోయాయి. కిటికీలు కూడా బిగుసుకున్నాయి. ఇల్లు మూత బిగించిన డబ్బాలా ఉంది.

గుమ్మం పైనున్న ధూళికన్ను మర్యాదగానే మాట్లాడింది.

"ఇంటి గాలిలో రాతినార కనబడింది, ఊపిరితిత్తుల్లో గుచ్చుకునే నలుసు. అది ఎవరినుంచి వచ్చిందో, ఆ మూలం తేలేవరకు ఎవరూ లోపలికి రాకూడదు, బయటికి పోకూడదు."

ధూళికన్ను లేని ఇల్లు ఆ ఊళ్ళో లేదు. రాళ్ళు కోసే ఊరు అది. ఒకప్పుడు నడివయసు రాకుండానే మగవాళ్ళు దగ్గి దగ్గి పోయేవాళ్ళు. ఇప్పుడు గాలిలో తేలే ప్రతి నలుసునూ ఆ కన్ను పట్టి, వేల రెట్లు పెద్దది చేసి, అంచులెలా ఉన్నాయో, వెలుగును ఎటు విరుస్తుందో చూసి, ఇది జొన్నపిండి, ఇది దూది, ఇది రాయి అని చెప్పేస్తుంది. మనుషులు బతుకుతున్నారు, ఆ మాట ఒప్పుకోవాలి. కాకపోతే ఏ ఇంట్లో ఏం పోపు పెట్టారో కూడా దానికి తెలుసు. ఎంత తీరికైన పొరుగావిడ కూడా అంతగా ఆరా తీయదు.

"నిన్న గూడా దుమ్ము దులిపే గాలిగదిలో రెండు మాట్లు నిలబడే ఇంటికొచ్చినా," అన్నాడు మద్దిలేటి బయటినుంచి. "నా ఒంటిమీద ఇంకేముంటాది?"

"రాతిపనిలో ఉన్న వ్యక్తే మూలమని అంచనా. సాయంత్రం బండి వస్తుంది. శుద్ధిశిబిరంలో ఆరు నెలలు ఉండాలి."

సుంకేశ్వరికి కాన్పు ఇవాళో రేపో. మొదటి బిడ్డ పుట్టీపుట్టగానే దక్కకుండా పోయినప్పుడు ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నది అతనే. అతను లేకుండా మళ్ళీ ఆ నొప్పులు పడడం ఆమెవల్ల కాదు. అంతకన్నా బాధపెట్టే సంగతి ఇంకొకటుంది. ఆ రాతినార అతను తెచ్చింది కాదు. తను తిన్నది.

పిల్లలు పలకమీద రాయడం మానేసి ఎన్నో ఏళ్ళయింది. కానీ ఆ ఊరి ఆడవాళ్ళు కడుపుతో ఉన్నప్పుడు బలపం కొరకడం మాత్రం మానలేదు. వేవిళ్ళు మొదలైన దగ్గర్నుంచి సుంకేశ్వరికి దానిమీదే యావ. అత్త ఓబుళమ్మే పాత గుట్టలో మెత్తటి బలపపురాయి ఏరి, తడిగుడ్డలో చుట్టి తెచ్చిపెట్టేది. తడిగా నమిలితే పొడి లేవదు, కన్నుకు చిక్కదు. ఇవాళ పొద్దున మద్దిలేటి పోగానే సుంకేశ్వరి ఆగలేక ఎండుముక్కే కరకరా నమిలేసింది. ఆ రాతిలో అక్కడక్కడా సూదుల్లాంటి నార ఉంటుందని అప్పటిదాకా ఇద్దరికీ తెలియదు.

ఓబుళమ్మ కోడల్ని వంటింట్లోకి లాగి చెవిలో చెప్పింది.

"నోరు మూసుకో. వాడు మగోడు, ఆర్నెల్లు యాడన్నా బతుకుతాడు. ఆ కన్నుకు మన సంగతులు చెప్తే అది ఏం చేస్తాదో ఎవురికి తెలుసు?"

"నీ కొడుకు గదా అత్తా. చేయని తప్పుకు పోతాండాడు."

"నా కడుపు కాలకనా చెప్తాండేది?" అని ఓబుళమ్మ కళ్ళు తుడుచుకుంది.

సాయంత్రం బండి వచ్చి ఆగింది. మద్దిలేటి గాజుకు నుదురు ఆనించాడు.

"నా బూట్ల సందులో ఉన్నిందేమో సుంకీ. చూసుకోలేదు. నీకూ బిడ్డకూ ఏమన్నా అయితే నేను బతికీ దండగే."

ఆ మాట ఆమె తట్టుకోలేకపోయింది. అత్త కొంగు పట్టుకున్నా విడిపించుకుని కన్ను ముందుకొచ్చి నోరు తెరిచి ఊదింది.

"బలపం తిన్నా. నేనే. బాగా చూసుకో."

కన్ను ఆ ఊపిరిలోని నలుసుల్ని పట్టి పోల్చి చూసింది.

"నలుసులు సరిపోయాయి. మద్దిలేటి మూలం కాదు."

తలుపు జరిగింది. మద్దిలేటి ఒక్క అంగలో వచ్చి ఆమెను పొదివి పట్టుకున్నాడు. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో అతనికే తెలియలేదు. వెనక తలుపు మళ్ళీ మూసుకుంది.

"మూలం సుంకేశ్వరి," అంది కన్ను అదే మర్యాదతో. "మూలాన్నీ పసిబిడ్డనూ ఒకే గాలిలో ఉంచరాదు. ప్రస్తుతం బిడ్డను వేరుచేయడం సాధ్యం కాదు. పుట్టిన వెంటనే శిశుగృహానికి తరలిస్తాం. రెండేళ్ళు అక్కడే ఉండాలి."

ఆ నియమం రాసినవాళ్ళు దుమ్ముబట్టలతో ఇంటికొచ్చే మగవాళ్ళనే తలుచుకుని రాశారు. కన్నతల్లి మూలం కావచ్చని వాళ్ళలో ఎవరికీ తోచలేదు.

సుంకేశ్వరి నడుములో ఏదో మెలిపెట్టినట్టయింది. ఆమె ముఖం చూసి మద్దిలేటి, "నొప్పులా? డాక్టరమ్మను పిలుస్తా," అనబోయాడు. ఆమె అతని నోటిమీద చెయ్యి పెట్టింది. పైకి చూసింది. కన్ను వింటోంది.

కొంగు నోట్లో కుక్కుకుని నేలమీద కూర్చుంది. మోకాళ్ళు దగ్గరికి లాక్కుని, రెండు చేతులూ పొత్తికడుపు కింద పెట్టి, తనకు మాత్రమే వినబడేలా అంది.

"ఇప్పుడే రావద్దు నాయనా. ఇంకొన్నాళ్ళు నా దగ్గరే ఉండు."

బిడ్డ వినలేదు. రెండో నొప్పి మొదలైంది.