అత్తగారిల్లు అని రాసిన ఫోటోలు

ఆ ఉదయం బాబాయిని స్టూడియో మెట్ల మీదే కాల్చేశారు. తుపాకీకి సైలెన్సర్ ఉంది. ఆయన కాలు జారి పడ్డాడనుకుని ఎదురు కొట్టువాడు నీళ్ళ సీసాతో పరుగెత్తాడట.

ఆ సంగతి చెప్పిన పెద్దసారు, ఏజెంట్ పిచ్చుక కళ్ళు తుడుచుకునేలోపే టేబుల్ మీద ఒక హార్డ్ డిస్క్ పెట్టారు. బాబాయి నిఘా డిపార్ట్‌మెంట్ ఫోటోగ్రాఫర్. పరాయి దేశపు ముఠాను ఏడాదిగా నీడలా వెంటాడి తీసిన ఫోటోలన్నీ అందులో ఉన్నాయి. ఈ సాయంత్రం ఆ ముఠా ఎక్కడో బాంబు పేల్చబోతోందని కబురు. ఎక్కడన్నదే తెలియదు.

"ఏడవడానికి రేపు సెలవిస్తాను. ముందు ఇది చూడమ్మా," అన్నారాయన. మీ పిన్నిని చూసి నేర్చుకో, భర్త పోయిన పూట కూడా డ్యూటీకి వెళ్ళింది అని కూడా అన్నారు. పిన్ని డిపార్ట్‌మెంట్ దుబాసీ. ఆమె నడిచి వెళ్తుంటే ఫైళ్ళలో తలదూర్చినవాళ్ళు కూడా తలెత్తేవారు.

డిస్క్ తెరిస్తే వేల ఫోటోలు ఒకే కుప్పగా ఉన్నాయి, పేర్ల బదులు కెమెరా ఇచ్చిన నంబర్లతో. పిచ్చుక కంగారుపడలేదు. ఈ విద్య నేర్పింది బాబాయే. ఫోటో తన జాతకాన్ని తన కడుపులోనే మోస్తుందనేవాడు. తీసిన వేళ, తీసిన కెమెరా, తీసిన చోటు, అన్నీ మెటాడేటాలో ఉంటాయి. దానికి తోడు మనం ఒక కీవర్డ్ రాసి పెట్టుకుంటే కుప్ప దానంతటదే సర్దుకుంటుందనేవాడు.

ముందు తేదీలవారీగా సర్దింది. తర్వాత చోట్లన్నీ మ్యాప్ మీదికి ఎక్కించింది. రేవు పక్క గోడౌన్ మీద చుక్కలు చీమల్లా మూగాయి. అది ముఠా స్థావరం. బాబాయి చాటుగా తీసిన ఫోటోలన్నీ అక్కడివే. అయితే వాటి మధ్య కెమెరాతో కాక ఫోన్‌తో తీసినవి కొన్ని ఉన్నాయి. తెరిచింది. అన్నిటిలోనూ నవ్వుతున్న పిన్ని. అమ్మ దగ్గరున్నానంటూ బాబాయికి పంపిన సెల్ఫీలు. పిన్ని పుట్టిల్లు ఊరికి ఆ చివర.

ప్రతి ఫోటోకీ బాబాయి రాసిన కీవర్డ్ ఒకటే: అత్తగారిల్లు.

చోటు ముందు చూడాలని నేర్పినవాడికి ఆ చోటు కనపడలేదా? చివరి ఫోటో నిన్నటిది. పిన్ని వెనక దుబాసీల గాజు గది. చోటు, ఈ సాయంత్రం అవతలి దేశంతో శాంతి ఒప్పందం జరిగే హాలు. నిన్న ఆ హాలుకు సీలు వేసి ఉంది, ఎవరినీ రానివ్వలేదు. దాని కీవర్డ్ మాత్రం వేరు: ఈ రాత్రి అడగాలి.

పిచ్చుక సౌండ్ టెక్నీషియన్ టోపీ పెట్టుకుని, టూల్‌బాక్స్‌తో గాజు గదిలోకి వెళ్ళేసరికి అవతలి దేశపు మంత్రి మాట్లాడడానికి లేస్తున్నాడు. మిగతా మైకులకు ఒకటే వైరు. పిన్ని మైకుకు రెండు. రెండోది వేదిక కిందికి పోతోంది.

"పిన్నీ, బాబాయికి తెలుసు."

పిన్ని వేలు మైకు బటన్ మీదే ఆగింది. "ఎప్పటినుంచి?"

"నువ్వు పంపిన మొదటి ఫోటో నుంచి. అయినా అన్నిటికీ అత్తగారిల్లు అనే రాసుకున్నాడు."

"పిచ్చి మనిషి," అంది పిన్ని. ఆమె వేలు వెంట్రుకవాసి పైకి లేచింది. పిచ్చుక కటర్‌తో రెండో వైరు కత్తిరించేసింది. మరుక్షణమే ఆ వేలు బటన్‌ను నొక్కింది. ఏమీ జరగలేదు.

వెయిటర్ వేషంలో ఉన్న గార్డులు చప్పుడు లేకుండా వచ్చారు. పిన్ని గుమ్మం దగ్గర ఆగింది.

"నిన్న రాత్రి ఏమీ అడగలేదే. తిన్నావా అన్నాడు, అంతే. ఆ అడిగిన తీరుకే భయపడి వాళ్ళకు చెప్పేశాను."

పిచ్చుక ఖాళీ కుర్చీ పట్టుకుని నిలబడిపోయింది. కింద సభలో అనువాదం ఆగిందని గొణుగుడు మొదలైంది. హాలు మేనేజరు రొప్పుతూ మెట్లెక్కి వచ్చాడు. మైకు వైరు కత్తిరించేవాళ్ళను ఎవరు పనిలో పెట్టుకున్నారంటూ చెడామడా తిట్టాడు. అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు ఆమెకు ఒక్కసారిగా కట్ట తెంచుకుంది.

మేనేజరు బిత్తరపోయాడు. "ఒక్క వైరుకే ఇంత ఏడిస్తే ఈ ఉద్యోగం ఏం చేస్తావమ్మా?" అన్నాడు.