మూడు గంటల రంగూన్

అత్తగారిని ఐసులో పెట్టాలా వద్దా అన్న మాటకు జవాబు మంగాయమ్మే చెప్పవలసి వచ్చింది. ఆవిడ కన్నకొడుకు, మంగాయమ్మ మొగుడు కొండలరావు రంగూన్‌లో బియ్యపు మిల్లులో పనిచేస్తున్నాడు. తల్లికి ప్రాణం మీదికి వచ్చిందని ఏలూరు వెళ్ళి తంతి కొట్టి వచ్చారు. నిండా రెండు రోజులు కాలేదు, మరిడమ్మ కన్ను మూసింది. ఇంటెడు చాకిరీ చేసిన చేతులు గుండెల మీద పెట్టుకుని పడుకుంది ఆ తల్లి...

"అమ్మాయ్, మనం చేపల్ని ఐసులో పెట్టి, ఊక కప్పి కలకత్తా పంపడం లేదా? పిన్నిని రెండ్రోజులు ఉంచలేమా? వాడొచ్చి కళ్ళారా చూసుకుంటాడు," అన్నాడు పెద్దింటయ్య. వరసకు బావగారు. కొల్లేటి చేపల బుట్టలు రైలుకెక్కించే మనిషికి తోచిన మర్యాద అది.

మంగాయమ్మ కళ్ళలో తడి లేదు. రంగూన్ అంటే ఆమెకు తెలిసింది ఒకటే: అటుకులు మూటగట్టుకుని స్టీమరెక్కి, వాంతులు చేసుకుంటూ రోజుల తరబడి పోయే దూరం. కొల్లేటి నడుమ ఉన్న ఆ లంక ఊళ్ళోంచి పోయినవాళ్ళందరూ అలాగే పోయారు. విమానమంటే కొల్లేటి కొంగల్ని బెదరగొట్టి పోయే చప్పుడు. అందులో తమ ఇంటి మనిషి కూర్చుంటాడని ఎవరనుకుంటారు?

"వద్దండి బావగారూ. ఆయన స్టీమరెక్కేదెప్పుడు, దిగేదెప్పుడు? అన్నాళ్ళూ ఆవిణ్ణి చేపలా ఉంచుతామా? నన్ను కడుపున పుట్టినదానిలా చూసిందండి... కానిచ్చేయండి."

కానిచ్చేశారు. పెద్దింటయ్యే తలకొరివి పెట్టాడు.

మూడోనాడు, బూడిద మీద పాలు పోసే చిన్నదినానికి ఆడవాళ్ళు పాలచెంబుతో బయలుదేరుతుండగా, పడవ దిగి కొండలరావు వచ్చాడు. పాలచెంబు చూశాడు. అరుగు మీద కూలబడ్డాడు.

"మిల్లు యజమాని దయతలచి విమానం ఎక్కించారు," అన్నాడు. "రంగూన్ నుంచి కలకత్తాకి ఆరువందల పైచిలుకు మైళ్ళట. మూడు గంటలే. కళ్ళు తుడుచుకునేలోపు దించేశారు. అక్కణ్ణుంచి రైలే ఆలస్యం... అమ్మను కాస్త ఉంచలేకపోయారా?"

పెద్దింటయ్య నింద తన మీద వేసుకోబోయాడు. మంగాయమ్మ వారించింది.

"బావగారు ఉంచుదామనే అన్నారండి. నేనే వద్దన్నాను. మీరు అందుకోలేరనుకున్నాను."

ఎవరి సంగతో చెప్పినట్టు చెప్పింది. మొగుడు తిట్టినా బాగుండుననిపించింది. నలుగురిలో చెయ్యి చేసుకున్నా పడేది. అతను మాత్రం లేచి అందరితోపాటు తల్లిని దహనం చేసిన చెరువుగట్టుకు నడిచాడు. ఆమె వెనకాలే నడిచింది.

బూడిద దగ్గర కూర్చుని, "చల్లారిందా?" అన్నాడు.

"పైన చల్లారిందండి. అడుగున ఇంకా..."

కొండలరావు మణికట్టు దాకా బూడిదలో చెయ్యి పెట్టాడు. చాలాసేపు తియ్యలేదు.

"వెచ్చగానే ఉంది మంగా. అందుకున్నానులే," అన్నాడు. రెండో చేత్తో ఆమె చెయ్యి పట్టి, తన చేతి పక్కనే బూడిదలో పెట్టాడు.

మూడు రోజులుగా రాని ఏడుపు ఆ వేడి తగిలాక వచ్చింది మంగాయమ్మకు.