మూడు వందల అంకెల ఉచ్చు

లెక్కల మాస్టారిని పట్టపగలు, చేతిలో సుద్దముక్క ఉండగానే కాల్చేశారు. ఆయన భార్య నల్లకళ్లద్దాలు పెట్టుకుని ఏడ్చింది. ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఏడుపులోనూ అందంగానే ఉంది. ఆయన కాగితం మీద రాసి డ్రాయర్లో పెట్టుకున్న మూడు వందల అంకెల సంఖ్య మాత్రం ఆ పూటే మాయమైంది.

నెల తిరిగాక మాస్టారి చెల్లెలు చీఫ్ ముందు నిలబడింది. ఆమె సీక్రెట్ ఏజెంట్.

"మీ వదిన డబుల్ ఏజెంట్ అమ్మా. మీ అన్నయ్యను కాల్పించింది ఆవిడే. మనవాళ్లు నలభై మందిని చంపమని ఇవాళ మూడింటికి విదేశీ హంతకులకు మెసేజ్ పంపుతోంది. దాని కోడ్ తాళం మీ అన్నయ్య సంఖ్యే. ప్రైమ్ నంబర్. ఒకటీ, తానూ తప్ప దాన్ని ఏదీ భాగించదు. ఆ తాళం తీయడం మన తరం కాదు."

"అది ప్రైమ్ కాదు సార్."

చీఫ్ టీ కప్పు కింద పెట్టాడు. "వాళ్ల మెషీన్ పరీక్షించే తీసుకుంది కదా?"

"అంత పెద్ద సంఖ్యను ఎవరూ భాగించుకుంటూ కూర్చోరు సార్. కొన్ని చిన్న సంఖ్యల్ని సాక్షులుగా పిలిచి, ఇది ప్రైమేనా అని అడుగుతారు. ఆ సాక్షుల్ని ప్రతిసారీ మార్చాలి. వీళ్లకు బద్ధకం, ఎప్పుడూ అవే పన్నెండు. మనకు దొరికిన వాళ్ల మెషీన్‌లో అన్నయ్య అది కనిపెట్టి, ఆ పన్నెండింటినీ బుట్టలో వేసే సంఖ్యను కట్టాడు. దాన్ని భాగించే రెండు సంఖ్యలు నాకిచ్చాడు. వదిన మీద అనుమానంతో ఆ సంఖ్యను డ్రాయర్లో ఎరగా పెట్టాడు. 'అది డ్రాయర్లోనే ఉంటే నా బుద్ధే వంకరని చెంపలేసుకుంటా' అన్నాడు."

రెండు యాభైకి, బ్యూటీ పార్లర్‌లో మాస్కు కట్టుకున్న అమ్మాయి వదిన తల మీద డ్రైయర్ బోర్లించింది.

"జాగ్రత్త, జుట్టు కాలుతుంది."

"కాలినా తెలియకుండా చూస్తానండీ."

సరిగ్గా మూడింటికి వదిన పౌడర్ డబ్బా తెరిచి అద్దం నొక్కింది. మెసేజ్ బయల్దేరింది. డ్రైయర్‌లో దాచిన యంత్రం దాన్ని దారిలోనే పట్టి, ఆ రెండు సంఖ్యలతో తాళం తీసి, మాట మార్చి, మళ్లీ తాళం వేసింది. మెసేజ్ అవతలికి చేరడానికి ఒక్క సెకను మిగిలుండగా పచ్చలైటు వెలిగింది. చంపమన్న ఆదేశం కాస్తా, అందరూ పోర్టు మూడో గోదాముకు రమ్మనే పిలుపు అయింది. అక్కడ కమాండోలు కాచుకుని ఉన్నారు.

అమ్మాయి మాస్కు తీసింది.

"నువ్వా?"

"నేనే వదినా. అన్నయ్య సంఖ్య పగిలింది. నీ హంతకులు దొరికినట్టే."

వదిన నవ్వింది. "కోర్టులో ఏం చూపిస్తావే? మీ అన్నలాగే నీకూ లెక్కలే తెలుసు, లోకం తెలీదు."

"కోర్టు దాకా ఎందుకు? మీ బాస్‌కు ఆ సంఖ్య ఇచ్చిందెవరు?"

నవ్వు ఆగిపోయింది.

"అది ఉత్తుత్తి ప్రైమని ఆయనకూ కబురు పెట్టా. నువ్వు కావాలనే ఇచ్చావనుకుంటాడు. ఈ పార్లర్ అడ్రసూ చెప్పా. మరి నేను వెళ్లొస్తా."

వదిన ఆమె చెయ్యి పట్టేసుకుంది. "సంకెళ్లు వెయ్యవే తల్లీ. మీ అన్న మీద ఒట్టు, అన్నీ చెప్తా."

"ఒట్టేసుకోవడానికి అన్నను మిగిల్చావా వదినా?"

చెల్లెలు తీరిగ్గా డ్రైయర్ తీగ చుట్టసాగింది. వదిన తలుపు వైపే చూస్తూ ముఠా పేర్లన్నీ గడగడా అప్పజెప్పింది. సంకెళ్లు తెచ్చిన చీఫ్, అవి పడ్డాక హమ్మయ్య అనుకున్న మనిషిని తన సర్వీసు మొత్తంలో అప్పుడే మొదటిసారి చూశాడు.