ఉప్పెన మింగని డివిడెండు

“నేను సంతకం పెట్టను. పెట్టనంటే పెట్టను. ఎందుకు పెట్టకూడదో మాత్రం మీరు కనిపెట్టి చెప్పాలి,” అంది సువార్తమ్మ, కుర్చీలో కూర్చోకుండానే.

ప్రైవేటు డిటెక్టివు ఆదిశేషయ్యకు నవ్వొచ్చింది. గవర్నరుపేటలోని ఆ ఇరుకు గదికి వణుకుతూ వచ్చేవాళ్లే ఎక్కువ. ఈ ధాటి ఆయనకు నచ్చింది. అసిస్టెంటు రాజ్యలక్ష్మి మంచినీళ్లిచ్చి ఆమెను కూర్చోబెట్టింది.

సువార్తమ్మది మైలవరం. రెండేళ్ల కిందట, ఉప్పెన రావడానికి కాస్త ముందు, భర్త జీవరత్నం పోయాడు. ఆయన మిగిల్చింది ఒక సిమెంటు కంపెనీలో అయిదు వందల షేర్లు. ఆమెకున్న ఆధారమల్లా అవే.

“మా మరిది కృపానందం కొంటానంటున్నాడండీ. షేరు పది రూపాయలకి, దానిమీద అచ్చేసిన ధరకే. ఉప్పెన దెబ్బకి కంపెనీ కుదేలైందంట, అప్పట్నించీ డివిడెండు పైసా లేదంట. ఆదివారం సంఘం పెద్దల ముందు సంతకం పెట్టాలంట.”

“ఆయన ఎలాంటి మనిషి?”

“ఆటోనగర్లో స్పేరుపార్టుల కొట్టండీ. మహా భక్తి. ఏ రాబడి వచ్చినా దశమభాగం దేవుడికి తీశాకే ముట్టుకుంటాడు. కొట్టుది నెలనెలా వేస్తాడు. అది కాక నిరుడు తొంభై, పోయిన నెల్లో వంద విడిగా వేశాడు. పాస్టరుగారు అందరి ముందూ పేరు చదివారు.”

“మీరు ఇదివరకు ఏవైనా సంతకాలు పెట్టారా?”

“ఆయన పోయినప్పుడు, షేర్లు నా పేరుకి మార్చాలని మరిది చూపించిన చోటల్లా పెట్టానండీ.”

ఆమె వెళ్లాక రాజ్యలక్ష్మి, “కంపెనీ నిజంగానే దెబ్బతిందేమో సార్,” అంది.

“ఊళ్లకు ఊళ్లు మళ్లీ కట్టుకుంటున్నారమ్మా. సిమెంటుకు ఇంతకన్న మంచికాలం ఉంటుందా?” అని చెప్పులు తొడుక్కుని, ఆయన వన్‌టౌనులోని షేరు బ్రోకరు దగ్గరికి బయల్దేరాడు.

ఆదివారం ఆరాధన అయ్యాక పెద్దలంతా చర్చి వరండాలో కూర్చున్నారు. కృపానందం తెల్లటి పంచెలో, పెన్ను మూత తీసి సిద్ధంగా ఉన్నాడు. పాస్టరు ఇశ్రాయేలుగారికి దణ్ణం పెట్టి ఆదిశేషయ్య మొదలెట్టాడు.

“ఈ కంపెనీ ఒక్క ఏడూ డివిడెండు ఎగ్గొట్టలేదండీ. జీవరత్నంగారున్నప్పుడు పదహారు శాతం. నిరుడు పద్దెనిమిది. ఈ ఏడు ఇరవై. ఇరవై శాతమంటే షేరు మీద అచ్చేసిన ధరకు లెక్క, అంటే పది రూపాయలకు రెండు రూపాయలు. బజార్లో ఈ షేరు ఇరవై అయిదు పలుకుతోంది. ఆ ధరకు కొన్నవాడికి రాబడి నూటికి ఎనిమిదే. అదే పదికి దక్కించుకుంటే నూటికి ఇరవై! ఏ బ్యాంకిస్తుందండీ అంత వడ్డీ?”

“మరి డివిడెండు నాకెందుకు రాలేదు?” అంది సువార్తమ్మ.

“మీరు చూడకుండా పెట్టిన సంతకాల్లో ఒకటి, డివిడెండును ఈయన బ్యాంకు ఖాతాలో వెయ్యమని.”

“అబద్ధం!” కృపానందం లేచాడు. “రుజువేదీ?”

“మీ భక్తే రుజువు. అయిదు వందల షేర్లకు నిరుడొచ్చింది తొమ్మిది వందలు, ఈ ఏడు వెయ్యి. మీరు విడిగా వేసిన కానుకలు తొంభై, వంద. కొట్టు దశమభాగం నెలనెలా వేస్తూనే ఉన్నారు. మరి ఇది ఏ రాబడిలో పదోవంతు?”

రాజ్యలక్ష్మి నోరు తెరిచి ఆదిశేషయ్యనే చూస్తోంది. వదిన సొమ్ము కాజేయడానికి వెరవని మనిషి, దేవుడి వాటా ఎగ్గొట్టడానికి వెరిచాడు! భక్తి అంటే అంతేనా అని ఎవరికైనా ఒళ్లు మండుతుంది.

“చెప్పు కృపానందం. ఏ రాబడిలోది?” అన్నారు పాస్టరుగారు.

కొట్టులోదని ఒక్క మాటంటే సరిపోయేది. కాని చర్చి గడపలో, పాస్టరు మొహం చూస్తూ ఆ మాట అనడానికి అతనికి నోరు రాలేదు. “వదినదే,” అని కూలబడ్డాడు.

పెద్దల్లో ఒకాయన గొంతు సవరించుకున్నాడు. “ఇంటి విషయం. ఒప్పుకున్నాడుగా. క్షమించెయ్యమ్మా, ఇంతటితో పోనీ.”

“క్షమించానండీ,” అంది సువార్తమ్మ. “క్షమాపణ నా చేతిలోది, ఇచ్చేశాను. డబ్బు అతని చేతిలోది. అది ఇచ్చిందాకా నేనిక్కణ్ణించి కదల్ను.”

ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. కృపానందం డబ్బు తేవడానికి లేచి చెప్పులు వెతుక్కున్నాడు.