నాగ్‌పూర్ నుంచి షార్జాకు

జమున టికెట్ కాగితాన్ని టేబుల్ మీద పెట్టి, దాని మీద అరచేయి ఆనించి నిలబడింది. వదిలితే ఎదుటి మనిషి దాన్ని పట్టుకుని పారిపోతాడన్నట్టు.

"గిదేంది?"

"టికెట్," అన్నాడు కరుణాకర్.

"టికెట్ అని నాకూ ఎర్కే. మా అన్న హైదరాబాద్ నుంచి దుబాయ్ పోవాలె. గీ కాగితం మీద హైదరాబాదూ లేదు, దుబాయీ లేదు. నాగ్‌పూర్ నుంచి షార్జా అని ఉంది. ఇంకెవలిదో మాకంటగట్టినవా?"

కోరుట్ల బస్టాండ్ ఎదురుగా, ఒక కంప్యూటరూ రెండు కుర్చీలూ పట్టే గదిలో విమాన టికెట్లు అమ్మే కరుణాకర్‌కు గల్ఫ్ పోయేవాళ్ల ప్రశ్నలు అలవాటే. కానీ ఇలా రెప్ప వేయకుండా కళ్లలోకి చూస్తూ అడిగినవాళ్లు ఇంతవరకు లేరు. ఆ కళ్లు చాలా బాగున్నాయి. ఆ సంగతి బయటపడకుండా ఉండటానికి అతను పనేమీ లేకపోయినా మౌస్ కదిలిస్తూ కూర్చున్నాడు.

అదీ జమునకు అనుమానంగానే తోచింది. నిజం చెప్పేవాడికి మౌస్‌తో ఏం పని?

"కూసో టీచరమ్మా, చెప్త."

"నేను టీచర్నని నీకెవలు చెప్పిండ్రు?"

"మీ అన్ననే. జగిత్యాల ప్రైవేటు బడిల మా చెల్లె పేరు చెప్తే పోరగాండ్లు గజగజ వణుకుతరు అన్నడు."

జమున నవ్వలేదు. కూర్చోలేదు కూడా.

అవి రెండువేల పదకొండు, సకల జనుల సమ్మె రోజులు. బస్సులు డిపోలు దాటడం లేదు. బడులకు తాళాలు. హైదరాబాద్ రోడ్డు మీద ఊరికో రాస్తారోకో. జమున అన్న ఎల్లేశానికేమో సెంట్రింగ్ పని మీద దుబాయ్ వీసా వచ్చి ఉంది. నెలాఖరులోగా అక్కడ దిగకపోతే అది చిత్తు కాగితం.

"గా సమ్మెల హైదరాబాద్ పోయేసరికి విమానం ఎల్లిపోతది," అన్నాడు కరుణాకర్. "ఆదిలాబాద్ దాటితే సమ్మె లేదు. నాగ్‌పూర్ చిన్న ఎయిర్‌పోర్టే గని, గాడికెల్లి గూడ ఇప్పుడు షార్జాకు విమానం ఉంది."

"మరి దుబాయ్ ఏమాయె?"

"పెద్ద ఎయిర్‌పోర్టుల జాగ దొరకదు, కిరాయి ఎక్కువ. అందుకే తక్కువ చార్జీ విమానాలోళ్లు పక్కూళ్ల దిగుతున్నరు. షార్జాల దిగి బస్సెక్కితే దుబాయే. కోరుట్లకు జగిత్యాల ఎంత దూరమో గంతనే."

"కోరుట్లల దించుత అని జగిత్యాలల దించితే నువ్వు ఊకుంటవా?"

కరుణాకర్ చూపు మళ్లీ మౌస్ మీదికి దించాడు. మనసులో మాత్రం ఆమెకు వందకు వంద మార్కులు వేశాడు.

జమున అనుమానానికి కారణం లేకపోలేదు. రెండేళ్ల కింద జగిత్యాల ఏజెంట్ ఒకడు "ముందు బొంబాయి, అక్కడికెల్లి దుబాయ్" అనే చెప్పాడు. ఎల్లేశం బొంబాయిలో పద్నాలుగు మందితో ఒకే గదిలో రెండు నెలలు పడుండి, ఏజెంట్ ఫోన్ మూగబోయాక తిరిగొచ్చాడు. వచ్చిన వారం దాకా గడప దాటలేదు. ఎవరైనా "దుబాయ్ నుంచి ఎప్పుడొచ్చినవ్?" అని అడుగుతారని భయం. ఆ వారం అన్నకు పళ్లెం అందించిన చేయి జమునదే. ఇంకోసారి అలా జరిగితే అన్న తట్టుకోలేడని ఆమెకు తెలుసు. అందుకే ఈసారి జగిత్యాలలో ఎవరినీ నమ్మక కోరుట్ల దాకా వచ్చారు. తీరా కోరుట్లవాడు నాగ్‌పూర్ అంటున్నాడు.

"ఒక్క షరతు," అంది జమున. "నువ్వు గూడ నాగ్‌పూర్ పోవాలె. మా అన్న లోపటికి పోయి, విమానం లేసేదాక నువ్వు గేటు కాడనే ఉండాలె."

"సరే."

ఇంత తొందరగా ఒప్పుకున్నాడా? జమున కనుబొమలు ముడిపడ్డాయి. సంచిలోంచి నోటుబుక్కు తీసింది.

"మీ ఇల్లెక్కడ?"

"సిరిసిల్ల, అంబేద్కర్ నగర్. నాయన లేడు. అవ్వ పేరు రాజవ్వ. ఇంటెనుక బట్ట నేసే సాంచెల షెడ్డుంటది, చప్పుడు పట్టుకోని రావచ్చు. ఇంకేమన్న రాసుకుంటవా?"

"అవసరమైతే అడుగుత," అంది జమున, రాసుకుంటూనే.

*

బయల్దేరే రోజు సన్నగా వాన. ఎల్లేశం పెట్టె జీపుకు ఎక్కించి వంద గజాలైనా పోలేదు, రోడ్డుకు అడ్డంగా సమ్మెకారుల వంటావార్పు. తారు మీదే మూడు రాళ్ల పొయ్యిలు, పైన టార్పాలిన్లు, ఒక పొయ్యి మీద అన్నం, ఒక దాని మీద పప్పుచారు. గరిటె పట్టుకున్న కాలేజీ లెక్చరర్ రాజమౌళి జీపు ముందుకొచ్చాడు.

"ఎటు?"

"నాగ్‌పూర్ సార్. విమానం ఉంది," అన్నాడు కరుణాకర్.

"పోనిస్త. గని తినకుంట పోనియ్య. కూసోండ్రి."

అంతా రోడ్డు మీదే బంతిలో కూర్చున్నారు. సాగనంపడానికి వచ్చిన జమునకూ విస్తరి పడింది. ఎల్లేశానికి ముద్ద దిగడం లేదు. కరుణాకర్ అతని పక్కన చేరి "తినన్నా, షార్జాల గిసొంటి పప్పుచారు దొరకదు" అంటూ తన విస్తర్లోని మామిడి తొక్కు పచ్చడి అతనికి వేశాడు. జమున అది చూసింది. చూసి, ఇదంతా నమ్మకం కుదరడానికి చేస్తున్న నాటకమేమో అనుకుంది.

అంతలో కరుణాకర్ లేచి, వానకు తల మీద రుమాలు వేసుకుని, పక్కకు పోయి ఫోన్లో హిందీలో మాట్లాడాడు. గాలికి ఒక్క ముక్క ఆమె చెవిన పడింది.

"ఏక్ ఆద్మీ భేజ్ రహా హూఁ. సంభాల్ లేనా."

ఒక మనిషిని పంపుతున్నాడట. చూసుకోమంటున్నాడట. ఎవరికి పంపుతున్నాడు? జమున చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

జీపు కదిలేటప్పుడు ఆమె నంబరు ప్లేటును సెల్‌ఫోన్‌తో ఫోటో తీసింది. కరుణాకర్ కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"నంబరొక్కటేనా? నా ఫోటో గూడ తీస్కో. స్టేషన్ల ఇయ్యనీకి పనికొస్తది."

జమున తీసుకుంది. నిజంగానే స్టేషన్లో ఇవ్వడానికే. అయితే ఆ సాయంత్రం ఇంటికెళ్లాక ఆ ఫోటోను నాలుగుసార్లు తెరిచి చూడటం ఏ పోలీసు పని కిందికి వస్తుందో ఆమెకే తెలియలేదు.

*

మర్నాడు కరుణాకర్ ఫోన్ స్విచాఫ్. ఆ మర్నాడూ స్విచాఫ్. అన్న నుంచి కబురు లేదు. తల్లి బాలవ్వ పొయ్యి వెలిగించకుండా గోడకు చేరగిలబడింది. "మళ్ల బొంబాయేనా బిడ్డ?" అని ఒక్కసారే అడిగింది. "సిరిసిల్ల పోయి చూసొస్త" అంటూ జమున చెప్పులేసుకుంది.

రెండు షేర్ ఆటోలు, ఒక ట్రాక్టరు మారి సిరిసిల్ల చేరేసరికి మధ్యాహ్నమైంది. సాంచెల చప్పుడు పట్టుకుని ఇల్లు వెతికింది. అడ్రసు నిజమే కావడం ఆమెను మరింత కలవరపెట్టింది. గడపలో ఒక పెద్దావిడ చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది.

"కరుణాకర్ ఇల్లు గిదేనా?"

"గిదే బిడ్డ. నేను వాని అవ్వను."

"జగిత్యాల నుంచి వచ్చిన. మీ కొడుకు గురించి జెర అడుగుదామని."

రాజవ్వ చేతిలో బీడీ ఆగిపోయింది. పెళ్లికి ఎదిగిన కొడుకు గురించి కొత్త మనిషి వచ్చి "జెర అడగాలె" అంటే ఆ వాడలో అర్థం ఒక్కటే. పిల్ల తరఫువాళ్లు ఇల్లు చూడటానికి వచ్చారు. పిల్లే సొంతంగా రావడం మాత్రం రాజవ్వ మొదటిసారి చూస్తోంది. చాట పక్కకు నెట్టి, పీట వేసి, మంచినీళ్లు తెచ్చింది.

"అడుగు బిడ్డ. మంచిగ చేసినవ్. ఎవలి బతుకు వాళ్లే చూస్కోవాలె."

జమున నోటుబుక్కు తెరిచింది. "ఇల్లు సొంతమేనా?"

"సొంతమే. రెండర్రలు. ఎనుక ఇంకోటి ఏస్తం."

"పోలీసు కేసులేమన్న ఉన్నయా?"

"ఒకటుంది. రాస్తారోకోల కూసున్నడని రాసుకున్నరు. గిప్పుడు గా కేసు లేనోడు మనకాడ ఉన్నడా బిడ్డ?"

"ఎవలినన్న మోసం చేసిండా?"

"పోరిల ముచ్చటనా?" రాజవ్వ పెద్దగా నవ్వింది. "వానికి పోరిలతోని మాట్లాడుడే రాదు. మొన్న ఒక్కసారి మాత్రం ఫోన్ల చెప్పిండు. 'అవ్వా, జగిత్యాల టీచరమ్మ ఒకామె వచ్చింది. నన్ను దొంగను చూసినట్టు చూసింది. ఆమె చూసుడు నాకు మంచిగనిపిచ్చింది' అన్నడు." హఠాత్తుగా ఆగి, జమున ముఖంలోకి వంగి చూసింది. "గామెవు నువ్వేనా?"

పెన్ను కాగితం మీదే నిలిచిపోయింది. అదే సమయంలో ఫోన్ మోగింది. ఎన్నడూ చూడని పొడుగాటి నంబరు.

"చెల్లే! నేను, ఎల్లేశాన్ని. దుబాయ్‌ల ఉన్న. కంపెనీ రూముల."

"అన్నా... నిజంగనా? రూముల ఎందరున్నరు?"

"నలుగురమే. మంచం ఇచ్చిండ్రు. కరుణాకర్ ముందుగాలనే ఫోన్ చేసి చెప్పిండట, షార్జాల ఆయన దోస్తు వచ్చి నన్ను బస్సెక్కిచ్చిండు. కరుణాకర్ గూడ ఎసొంటి మనిషో తెల్సా? నా డబ్బా ఫోన్ పనిచేస్తలేదని గేటు కాడ తన ఫోనే నా చేతుల పెట్టిండు, మీ చెల్లె ఊకోదు, దిగంగనే మాట్లాడు అని. ఈడి సిమ్ము ఇయ్యాల దొరికింది. ఏడుస్తున్నవా?"

"లేదు," అంది జమున వెక్కుతూ.

బాలవ్వకు చెప్పమని పక్కింటివాళ్లకు ఫోన్ చేసి, ముఖం తుడుచుకుని, రాజవ్వ ఎదురుగా తల వంచుకుంది. ఇంత మంచి మనిషి దగ్గర అబద్ధం మీద కూర్చోవడం ఆమెకు చేతకాలేదు.

"అవ్వా, నేను సంబంధం చూడనీకి రాలే. మా అన్నను మీ కొడుకు మోసం చేసిండనుకోని, ఆచూకీ తీయనీకి వచ్చిన."

రాజవ్వ ముఖం వాడిపోయింది. తెచ్చిన మంచినీళ్ల చెంబు వైపు చూసింది. వెనక సాంచెలు ఆగకుండా ఆడుతున్నాయి.

గడపలో అలికిడైంది. గడ్డం నెరిసిందా అన్నట్టు దుమ్ము పట్టిన ముఖంతో కరుణాకర్.

"మీ అన్న ఫోన్ చేసిండా?" అన్నాడు ఊపిరి తీసుకోకుండా. "రోడ్డు పొడుగూతా రాస్తారోకోలే. నీ నంబరు నా ఫోన్లనే ఉండె, ఫోన్ మీ అన్న కాడ ఉండె. కబురు చెప్దామని జగిత్యాల పోయిన. నువ్వు సిరిసిల్ల పోయినవని మీ అమ్మ అన్నది. పోలీసులతోని వచ్చినవనుకున్న."

జమున అతన్ని చూసింది. రెండు రోజులు తిండీ నిద్రా లేని ముఖం. ముందు కబురు చెప్పడానికి జగిత్యాలలోని ఆమె ఇంటికే పోయిన మనిషి. ఎంత వెతికినా అనుమానించడానికి ఒక్క అంశం కూడా దొరకలేదు. నోటుబుక్కు మూసి, రాజవ్వ వైపు తిరిగింది.

"అవ్వా, వచ్చినప్పుడైతే గా పని మీదనే వచ్చిన. ఇప్పుడు మాత్రం నువ్వు అనుకున్నదే అనుకో."

రాజవ్వ ఒక్క గంతున లేచి చాయ్ పెట్టడానికి పోయింది. కరుణాకర్ గడపలోనే కొయ్యబారి నిలబడ్డాడు.

"ఏమనుకున్నది అవ్వ? సంబంధం చూడనీకి వచ్చినవనా? గిది నిజమేనా టీచరమ్మా?" అన్నాడు, ఈసారి అనుమానం తన వంతై.

"నమ్మకుంటే మా ఇంటికొచ్చి ఆరా తీస్కో," అంది జమున. "అవ్వను గూడ తోల్కోని రా."