సీమవంకాయ లేని సీమ

"ఆ నల్లది ఈడ పెట్టొద్దే!" అని పూర్ణిమ అరిచింది.

మధ్యాహ్నం బెల్లు కొట్టినా బేరిగై బడిలో ఏడో తరగతి పిల్లలు ఎవరూ ఆటకు పోలేదు. తెల్లారితే ఎగ్జిబిషన్. 'ఎనిమిది వందల ఏళ్ల కిందటి ఐరోపా పల్లె' అన్నది వాళ్లకు వచ్చిన అంశం. తరగతిలో ఒక మూల అట్టలతో కోట లేస్తోంది. ఇంకో మూల రైతు ఇంటి భోజనం బల్ల. ఆ బల్లను పూర్ణిమకు, భరణికి కలిపి అప్పగించారు.

బల్ల మీద పూర్ణిమ బుట్ట ఉంది. అందులో ఎర్రటి టమాటాలు, పట్నంలో బెంగుళూరు వంకాయలనే లేత సీమవంకాయలు, ఉర్లగడ్డలు (బంగాళాదుంపలు), మొక్కజొన్న కంకులు, పచ్చిమిరపకాయలు. అన్నీ వాళ్ల తోటలోవే. మండీకి పోవలసిన క్రేట్లలోంచి నాయన ముత్తప్ప ఏరి ఏరి ఇచ్చాడు. బుట్ట పక్కన బేకరీ బ్రెడ్డు తెల్లగా మెరుస్తోంది.

భరణి చేతిలో మాత్రం ఒక నల్లటి రొట్టె. గుండ్రంగా ఉంది, అంచులు పగిలి ఉన్నాయి.

"లైబ్రరీ పుస్తకంలో ఇట్లే ఉండాది మే. పల్లెలోళ్లు నల్ల రొట్టే తిన్నారంట. రై అనే గింజతో చేస్తారంట. అది ఈడ దొరకదు. అందుకే బార్లీ దంచి, రాగిపిండి కలిపి కాల్చినాను."

"తెల్లోళ్లు నల్ల రొట్టె తింటారా? నీకు మతి ఉండాదా?"

కోట కడుతున్న పిల్లలు ఫక్కున నవ్వారు.

"టమాటా కూడా పుస్తకంలో లేదు" అని భరణి మెల్లగా అన్నది.

"పుస్తకంలో లేకుంటే తోటలో ఉండదా? రైతు అన్నాక టమాటా వెయ్యకుండా ఉంటాడా?" పూర్ణిమ ఒక సీమవంకాయ ఎత్తి అందరికీ చూపించింది. "ఇదేమి? సీమవంకాయ. సీమ అంటే దొరల దేశం. మా అవ్వ చెప్పింది. పేరులోనే ఉండాదే, ఇంక నువ్వేమి చెప్పేది!"

పూర్ణిమ ఆ పుస్తకంలో బొమ్మలు మాత్రమే చూసింది. కానీ ఆమె గొంతు పెద్దది. ఆ తరగతిలో ఎప్పుడూ ఆ గొంతే గెలిచేది.

భరణి రొట్టెను బల్ల చివర పెట్టింది. పూర్ణిమ దాన్ని తీసి రెండు ముక్కలు చేసింది. కిటికీలోంచి బయటికి విసిరేసింది. కాకులు దిగాయి.

భరణి ఏడవలేదు. తన వేలు ఒకటి గట్టిగా పట్టుకుంది. ఆ వేలికి కాలిన బొబ్బ ఉంది. తర్వాత పోయి కోట కట్టేవాళ్లతో కూర్చుంది.

పుష్పావతి మిస్ వచ్చేసరికి బల్ల నిండా రంగులే. మిస్ చూసింది. కోప్పడలేదు. టమాటాలు తీసి మళ్లీ బుట్టలో వేయడం మొదలుపెట్టింది.

"అవి ఎందుకు తీస్తారు మిస్?"

"ఆ కాలంలో ఐరోపాలో టమాటా లేదమ్మా. దాన్ని కంటితో చూసినోళ్లు కూడా లేరు."

తర్వాత ఉర్లగడ్డలు పోయాయి. కంకులు పోయాయి. మిరపకాయలు పోయాయి. మిస్ చెయ్యి సీమవంకాయ మీద పడింది.

"మిస్, అది సీమది!" అని పూర్ణిమ గట్టిగా అన్నది.

"దూరం నుంచి ఓడలో వచ్చినదానికంతా మనోళ్లు సీమ అని పేరు పెట్టినారు. ఇది పుట్టింది అమెరికా ఖండంలో. నేను తీసినవన్నీ ఆడివే. ఐరోపా ఓడలు ఆడికి పోయి వీటిని తెచ్చింది ఐదు వందల ఏళ్ల కిందట. మన బల్లేమో దానికి ముందు కాలంది."

చివరికి తెల్ల బ్రెడ్డు కూడా తీసింది. "ఇది కోటలో ఉండే దొరకు. రైతుకు కాదు."

బల్ల ఖాళీ అయిపోయింది. పిల్లలంతా చుట్టూ చేరారు. ఎవరూ నవ్వలేదు.

"మరి వాళ్లు ఏం తిన్నారు మిస్?" అని ఒక పిల్లవాడు అడిగాడు.

మిస్ బల్ల అంచున కూర్చుని చెప్పింది. క్యాబేజీ, ఉల్లిగడ్డ, బఠానీలు. అన్నీ ఒకే కుండలో, చిక్కగా ఉడికేదాకా. దానిలోకి నల్ల రొట్టె. చలికాలం వస్తే నేలంతా మంచు కప్పేస్తుంది. నెలల తరబడి పచ్చటి ఆకు కనపడదు. దాచుకున్న గింజలే తిండి.

"గింజలు అయిపోతే?"

"అడవిలో కాయలు ఏరుకొచ్చి, దంచి, పిండిలో కలుపుకునేటోళ్లు. మిరియాలు మన దేశం నుంచే ఎడారులు, సముద్రాలు దాటి ఆడికి పోతా ఉండె. దొరలు వాటిని పెట్టెలో పెట్టి తాళం వేసుకునేటోళ్లు. పేద రైతు నాలుకకు అవి తగిలేది కాదు."

"అయ్యో పాపం. మనకే నయం" అన్నాడు ఆ పిల్లవాడు.

"ఏం నయం?" అన్నది మిస్. "అప్పుడు మన ఊళ్లో కూడా టమాటా లేదు. మిరపకాయ లేదు."

పూర్ణిమ నోరు తెరుచుకుంది.

సాయంత్రం ఆమె తోట గట్టు మీద నిలబడింది. ఎదురుగా కొయ్యలకు కట్టిన టమాటా చెట్లు, అవతల మొక్కజొన్న, పందిరి మీద సీమవంకాయ తీగ. పుట్టినప్పటి నుంచి చూస్తున్న తోట. ఎప్పటి నుంచో ఇలాగే ఉందనుకుంది. కళ్లు మూసుకుని టమాటా తీసేసింది. మొక్కజొన్న తీసేసింది. పందిరి తీసేసింది. చివరికి గట్టు పక్కన రాగి చేను, అందులో అనపకాయల సాలు మిగిలాయి. ఎనిమిది వందల ఏళ్ల కిందట ఎవరో ఒక పిల్ల ఇదే గట్టు మీద నిలబడి ఆ రాగి వెన్నులే చూసి ఉంటుంది. సముద్రాల అవతల ఇంకో పిల్ల నల్ల రొట్టె కోసం పొయ్యి దగ్గర కూర్చుని ఉంటుంది. ఒకరున్నట్టు ఒకరికి తెలియదు.

"అవ్వా, టమాటా, మిరపకాయ లేకుంటే సంగటిలోకి చారు ఎట్ల?" అని ఇంటికి పోయి అడిగింది.

"చింతపండు లేదా? మిరియాలు లేవా?" అన్నది అవ్వ లక్ష్మక్క.

"ఆ కాలంలో అట్లే చేసినారా?"

"నన్నడుగుతావేమే? నాకేమన్నా ఎనిమిది వందల ఏళ్లా?"

పూర్ణిమకు నవ్వు రాలేదు. ఆ బల్ల మీద ఉండదగినది ఒక్కటే ఉండింది. దాన్ని ఆమే కాకులకు వేసింది.

దీపాలు పెట్టే వేళకు భరణి ఇంటికి పోయింది. భరణి వాకిట్లో కూర్చుని ఉంది.

"నువ్వు చెప్పిందే నిజం మే. తప్పయిపోయింది. ఇంకొక రొట్టె చేసిస్తావా?"

భరణి తల ఎత్తింది. "తప్పయిందని వచ్చినావా? రొట్టె కావాలని వచ్చినావా?"

భరణి లేచి లోపలికి పోయింది.

మర్నాడు తెల్లవారుతూనే పూర్ణిమ పొయ్యి దగ్గర కూర్చుంది. అంగట్లో కొన్న బార్లీ దంచింది. దాన్ని రాగిపిండిలో వేసి, వేడినీళ్లు పోసి కలిపింది. తట్టేలోపే రొట్టె విరిగింది. మళ్లీ తట్టింది. పెనం మీద తిప్పబోతే వేలు చుర్రుమంది. నీళ్లలో వేలు పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. అవ్వ చూసింది కానీ సాయం రాలేదు. చివరికి వంకరగా ఒక రొట్టె తయారైంది.

ఎగ్జిబిషన్‌కు జనం బాగా వచ్చారు. కోట దగ్గర గుంపు. పూర్ణిమ బల్ల మీద క్యాబేజీ, ఉల్లిగడ్డలు, ఒక కుండలో ఉడికిన బఠానీలు, ఆ నల్ల రొట్టె. "ఇంతేనా?" అని కొందరు చూసీ చూడనట్టు పోయారు.

ముత్తప్ప ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. బల్లంతా వెతికాడు.

"మన టమాటాలు యాడమ్మా?"

"ఆ కాలంలో అవి ఆడా లేవు నాయనా. ఈడా లేవు."

"టమాటా లేని రైతా!" అని ముత్తప్ప నోరెళ్లబెట్టాడు. రొట్టెను వేలితో తట్టి చూశాడు. "ఇది మన రాగి రొట్టె మాదిరే ఉండాదే. ఎవరు చెప్పినారు నీకు?"

పూర్ణిమ చుట్టూ చూసింది. కోట దగ్గర భరణి ఇటు వీపు పెట్టి నిలబడి ఉంది. పూర్ణిమ పెద్ద గొంతు ఇప్పుడు సన్నబడబోయింది. బలవంతంగా పైకి లేపింది.

"భరణి చెప్పింది నాయనా. నిన్న తనే చేసి తెచ్చింది. నేను పుస్తకం చదవకుండానే అరిచినాను. ఆ రొట్టెను కాకులకు ఏసినాను."

గుంపు తిరిగి చూసింది. కోట కట్టిన పిల్లలు చూశారు. భరణి తిరగలేదు.

మూడో తరగతి పిల్లవాడొకడు బల్ల పట్టుకుని నిక్కి చూస్తున్నాడు. "అక్కా, అంత మంచు పడితే ఆవులు చచ్చిపోవా?"

పూర్ణిమ నాలుక చివర ఒక జవాబు సిద్ధంగానే ఉంది. అది నిజమో కాదో ఆమెకు తెలియదు. దాన్ని మింగేసింది.

"నాకు తెలీదప్పా. రా, తెలిసిన వాళ్లను అడుగుదాం."

వాడి చెయ్యి పట్టుకుని కోట దగ్గరికి నడిచింది. భరణి పూర్ణిమ వైపు చూడలేదు. ఆ పిల్లవాడి ముందు వంగింది.

"చలికాలంలో ఆవుల్ని ఇంట్లోకే తోలుకునేటోళ్లు. ఒక పక్క మనుషులు, ఒక పక్క ఆవులు. అడ్డంగా ఒక తడక. బయట మంచు కురుస్తా ఉంటే, ఆవుల ఒంటి వేడికే ఇల్లంతా వెచ్చగా ఉండేది."

"అంతా చీకటా?"

"చీకటే. ఆవులు నెమరేసేది వినుకుంటా పిల్లోళ్లు నిద్రపోయేటోళ్లు."

ఆ పిల్లవాడు ఇంకా దగ్గరికి జరిగాడు. పూర్ణిమ కూడా. భరణి ఇంకా చెప్తూనే ఉంది. పూర్ణిమ వాడి వెనక నిలబడి, మధ్యలో ఒక్క మాట కూడా వెయ్యకుండా విన్నది.