గాజుపలక మీద నిటారుగా

పట్టపగలు జరిగింది ఇది, బయట రోడ్డు మీద హారన్లు మోగుతుండగా. చీకట్లో జరిగి ఉంటే నా కళ్ళనే తిట్టుకుని ఊరుకునేదాన్ని.

మా స్టూడియోలో పాతకాలపు పెద్ద ఫిల్ము కెమెరా ఉంది. ముందు లెన్సు, వెనక గరుకు గాజుపలక, మధ్యలో మడతలు మడతలుగా తోలు తిత్తి. నల్లగుడ్డ కప్పుకుని గాజు మీద చూస్తే ఎదుటి మనిషి తలకిందులుగా కనిపిస్తాడు. కొత్తవాళ్ళకి కళ్ళు తిరుగుతాయి. నాకు అలవాటే.

ఆ రోజు కుర్చీలో మా చెల్లి కూర్చుంది. దాన్ని ఆస్పత్రిలో చావు నోట్లోంచి లాక్కొచ్చుకున్నాం. జుట్టు ఇప్పుడిప్పుడే మొలుస్తోంది. తలకి ఏదైనా కట్టుకోవే అంటే వినలేదు, ఈ గుండుతోనే గోడంత ఫొటో కావాలంది. మొండిఘటం. నా చెల్లెలు మరి.

గుడ్డ కింద దూరాను. తోలు వాసన, నా ఊపిరి వేడి. గాజు మీద చెల్లి తలకిందులుగా, ఉండాల్సినట్టే ఉంది. దాని పక్కన ఇంకో ఆడమనిషి ఉంది. నిటారుగా.

గాజు మీద నిటారుగా ఉందంటే... గదిలో అది పైకప్పుకి కాళ్ళానించి వేలాడుతోందన్నమాట.

గుడ్డ తీసి చూశాను. కప్పుకి ఫ్యాను తప్ప ఏమీ లేదు. ఏమైందని చెల్లి అడిగితే, ఏం లేదు, కదలకు అన్నాను. ఒళ్ళు మండిపోతోంది. ఆస్పత్రిలో చెల్లి దొరకలేదని ఆ చావే ఇక్కడిదాకా వెంటపడి వచ్చిందా?

మళ్ళీ దూరాను. అది చెల్లి దగ్గరికి జరిగింది. పైకప్పు కనబడకుండా లెన్సు బిగించిన పలకని కిందికి దించాను. దాని కాళ్ళు పోయాయి. మొహం పోలేదు... చెల్లి చెంపకి ఆనుకుని ఉంది. పెదాలు కదులుతున్నాయి.

"పోవే," అన్నాను పళ్ళు బిగించి. "ఇది నాది. ఇవ్వను."

ఫిల్ము పెట్టె దూర్చితే గాజు మూసుకుపోతుంది, ఇక ఏమీ కనబడదు. తెలిసే దూర్చాను. దానికి జడిసి మా చెల్లి ఫొటో ఆపేస్తానా? షట్టరు నొక్కాను.

టక్.

గుడ్డలోంచి బయటికి వచ్చాను. చెల్లి కుర్చీలోనే ఉంది. నన్నే చూస్తూ నవ్వుతోంది, మూసిన పెదాలతో.

"అక్కా... అయిపోయిందా?"

గొంతు చెల్లిదే. పైనుంచి వచ్చింది.

నేను తలెత్తలేదు. కుర్చీలో ఉన్నదాని కళ్ళలోకే చూస్తూ ఫిల్ము పెట్టె తీసి రెండో వైపుకి తిప్పాను. అటు ఇంకో ఫిల్ము ఉంది. ఒక ఫొటోతో అది చెల్లిని పైకి పట్టుకుపోతే ఇంకో ఫొటోతో తెచ్చుకుంటాను.

"ఇంకా అవలేదమ్మా," అన్నాను, పైకి వినబడేలా. "నువ్వు కదలకు. నేనున్నాను."

కుర్చీలోది నవ్వడం మానేసింది.